కెమెరా పట్టిన చెయ్యి

మృగశిర కార్తె, మూడో రోజు

ఈ రోజు అరవై నాలుగో రోగి. తాటిమెట్ట బడిలో పంతులమ్మ, నలభై ఆరేళ్లు. మలాశయం పైభాగంలో కాన్సర్. ఆపరేషన్ ఏ పద్ధతిలో చెయ్యాలో తేల్చే చీటీల డబ్బా ముందు పెడితే కళ్లు మూసుకుని తీసింది. లాపరోస్కోపీ వచ్చింది.

ఏడున్నరకు మొదలుపెట్టాం. పొట్ట మీద ఐదు చిన్న కోతలు. ఒకదాంట్లోంచి నా కెమెరా లోపలికి వెళ్లింది, మిగతావాటిలోంచి డాక్టర్ నీలవేణి గారి పొడుగాటి పరికరాలు. వాటిని మేం కర్రలంటాం. నేను కెమెరా పట్టడం మొదలుపెట్టి ఇరవై రెండేళ్లయింది. ఆవిడ ఎటు చూడాలనుకుంటే నేను అటు చూపించాలి, అదీ ఆవిడ అడగకముందే. ఆపరేషన్ సాగినంతసేపూ మేం పెద్దగా మాట్లాడుకోం.

మలాశయం చుట్టూ పలచటి పొర కప్పుకున్న కొవ్వు తొడుగు ఒకటి ఉంటుంది. కాన్సర్ బయటికి పాకితే ముందు అందులోకే పాకుతుంది. అందుకని ఆ తొడుగు ఎక్కడా చిరగకుండా, మలాశయంతో సహా ఒక్క ముక్కగా బయటికి రావాలి. మా పనితనం ఎలా ఉందో ఆ ముక్కను చూసి పరీక్షగది వాళ్లు చెబుతారు. ఈ రోజు ‘సంపూర్ణం’ అని రాశారు. మూడు గంటల ఇరవై నిమిషాలు పట్టింది. కెమెరా: మామూలు.

రాసింది: ముద్దాడ ఇందుమతి, కెమెరా సహాయకురాలు, ఎత్తుమెట్ట ఆసుపత్రి.

మృగశిర కార్తె, తొమ్మిదో రోజు

అరవై ఐదో రోగికి రోబో చీటీ వచ్చింది. రోబో రోజంటే ఏడు మెట్టల్లోనూ పొద్దుటి నుంచి కుళాయిలు కట్టేస్తారు. సముద్రపు నీళ్లను మంచినీళ్లు చేసే యంత్రానికీ, రోబోకీ బ్యాటరీలు ఒకటే. సముద్రం కొండ కాళ్ల దాకా వచ్చి ఆగిన తర్వాత మా బావులన్నీ ఉప్పగానే ఊరుతున్నాయి. కనక జనం ముందురోజు సాయంత్రమే బిందెలు నింపుకోవాలి.

నిన్న నేనూ వరసలో నిలబడ్డాను. నా ముందున్నావిడ వెనక్కి తిరిగి అడిగింది.

“రేపు ఎవులి కడుపులో తిరుగుతాదమ్మా మీ సాలీడు?”

“గుమ్మిడిమెట్ట మనిషమ్మా. పేరు చెప్పకూడదు.”

“ఎవులైతేనేటి, సల్లగా బతకనీ. మా కోడలు మాత్రం రేపు బట్టలుతకదంట, సాలీడు పేరు సెప్పీసి.”

రోగి మీదికి నాలుగు చేతులు చాపి వంగి ఉంటుంది కనక దానికి ఆ పేరు పడింది. మేమూ అలాగే అంటాం. దాన్ని నడిపేది డాక్టర్ షరీఫ్ గారు. గది మూలన పెట్టెలో మొహం పెట్టుకుని కూర్చుంటారు. ఆయన వేళ్లు కదిపితే లోపల దాని వేళ్లు కదులుతాయి, మణికట్టు తిప్పితే మణికట్టు తిరుగుతుంది. మా కర్రలకు మణికట్టు లేదు. కెమెరా కూడా ఆయనే తిప్పుకుంటారు కనక ఆ రోజు నాకు పెద్ద పనుండదు. రక్తం పీల్చే గొట్టం పట్టుకుని పక్కన నిలబడతాను.

నాలుగు గంటల యాభై నిమిషాలు. సంపూర్ణం.

ఏడు మెట్టల పెద్దలు కూర్చునే కొండసభ మమ్మల్ని అడిగింది చిన్న ప్రశ్నే. సాలీడు వల్ల జనానికి నిజంగా మేలుందా? ఉంటే నీళ్లు ఆపినా సబబే, కర్రలు మానేసి అందరికీ దాంతోనే చెయ్యండి. లేకపోతే దాన్ని విప్పేసి బ్యాటరీలు పూర్తిగా నీళ్లకిచ్చేయండి. తేల్చడానికి డెబ్బై ఐదు మంది రోగులు, చీటీల డబ్బా, ఈ పుస్తకం. ఇప్పటిదాకా చూస్తే రెండూ ఇంచుమించు ఒకటే. పోయే రక్తం, పేగు కుట్టు దగ్గర లీకులు, ఆసుపత్రిలో ఉండే రోజులు, అన్నీ సమానంగానే ఉన్నాయి. సాలీడుకు టైము ఎక్కువ పడుతుంది. మొదలుపెట్టాక కుదరక పొట్ట పెద్దగా కోసి చెయ్యాల్సి రావడం కర్రలతో కాస్త ఎక్కువ.

ఇది చూసి నీలవేణి గారు సంతోషంగా ఉన్నారు. షరీఫ్ గారు పని నేర్చుకున్నది ఆవిడ దగ్గరే. ఈ మధ్య ఇద్దరూ కాంటీన్లో వేరే వేరే బల్లల దగ్గర కూర్చుంటున్నారు.

ఆరుద్ర కార్తె, ఆరో రోజు

అరవై ఆరో రోగి అసిరినాయుడు. ఎర్రమెట్ట దిగువన ఉప్పు పండిస్తాడు. యాభై ఎనిమిదేళ్లు. కాన్సర్ బాగా కిందికి ఉంది. మగవాళ్లకు నడుం కింది ఎముకల గూడు ఆడవాళ్లకన్నా ఇరుకుగా ఉంటుంది. ఇతనిది మరీ ఇరుకు. చీటీ: లాపరోస్కోపీ.

మూడో గంటలో తొడుగు ముందువైపు పొర విడదీస్తుండగా నీలవేణి గారు, “ఇందూ, కెమెరా” అన్నారు. ఇరవై రెండేళ్లలో ఆవిడ నాకు ఆ మాట చెప్పాల్సి రావడం ఇదే మొదలు. ఎవరో తలుపు తీశారు, గాలికి కేబుల్ కదిలి ఉంటుంది.

నాలుగు గంటల పది నిమిషాలు. పరీక్షగది నుంచి ‘అసంపూర్ణం’ అని వచ్చింది. తొడుగు ముందువైపు బొటనవేలి గోరంత చిరుగు. కెమెరా: మామూలు.

పుష్యమి కార్తె, రెండో రోజు

అరవై తొమ్మిదో రోగి. పడవలు చేసే వడ్రంగి. ఇతనికీ కాన్సర్ కిందికే ఉంది, ఇతనిదీ ఇరుకు గూడే, చీటీ కూడా లాపరోస్కోపీయే.

చిన్నమూతి కుండలో రెండు చేతులూ పెట్టి అడుగు తోమినట్టుంది ఆ పని. కర్రలు ఒకదానికొకటి తగులుకున్నాయి. నీలవేణి గారు మూడుసార్లు కర్రలు బయటికి తీసి మళ్లీ పెట్టారు. అసంపూర్ణం.

మధ్యాహ్నం కాంటీన్లో టీ గ్లాసు ఎడమచేత్తో ఎత్తాను. టీ బల్ల మీద ఒలికింది. గ్లాసు కింద పెట్టి చెయ్యి ఒళ్లో పెట్టుకున్నాను. అది చాలాసేపు ఆగలేదు.

ఆశ్లేష కార్తె, ఐదో రోజు

డెబ్బై ఒకటో రోగి. ఇరుకు గూడు, కింది కాన్సర్, కర్రల చీటీ. నేను మోచెయ్యి నడుముకు ఆనించి, ఊపిరి బిగబట్టి పట్టుకున్నాను. అసంపూర్ణం.

కర్రల వైపు మొత్తం మూడు అసంపూర్ణాలు, మూడూ ఇలాంటి మగవాళ్లకే. సాలీడు వైపు, ఈ లెక్క మొదలైన అయిదేళ్లలో ఒక్కటి.

షరీఫ్ గారు భోజనాల వేళ నీలవేణి గారి బల్ల దగ్గరికి వచ్చారు.

“మేడమ్, ఇరుకు గూడు ఉన్న మగవాళ్లకి చీటీలు ఆపేద్దామా? వాళ్లని నేరుగా నాకు పంపండి.”

“మూడు కేసులు చూసి ఇరవై ఏళ్ల పని మానేయమంటావా?”

“మానేయమనలేదు మేడమ్. వాళ్ల వరకే.”

“నాలుగు రోజులాగు. లెక్క పూర్తి కానీ.” ఆవిడ సగం అన్నం వదిలేసి లేచిపోయారు.

నేను పక్కనే ఉన్నాను. అప్పుడే నోరు విప్పాల్సింది.

మఖ కార్తె, నాలుగో రోజు

లచ్చుమయ్య మావ చీటీ తీశాడు.

మావంటే చుట్టమేం కాదు. పొట్నూరు లచ్చుమయ్య పెద్ద పడవకు సరంగు. మెట్ట నుంచి మెట్టకు మనుషుల్ని దాటించేది ఆయన పడవే. ఈ ఆసుపత్రికి వచ్చిన రోగుల్లో సగం మంది అందులోనే వచ్చారు. అరవై ఒక్క ఏళ్లు. నాలుగు నెలల కిందట రక్తం పడుతోందని చెప్పాడు. మొలలనుకుని పసరు మందులు వాడాడట. పరీక్ష చేస్తే కాన్సర్. ముందు రేడియేషన్ ఇచ్చారు, గడ్డ కొంత కరిగింది. ఇప్పుడు ఆపరేషన్.

మడత విప్పి చీటీ నాకిచ్చాడు. “నాకు సదూరాదు గాని, ఏటొచ్చిందో సెప్పు తల్లీ.”

“లాపరోస్కోపీ, మావా. కర్రలు.”

“అంటే నువ్వే కద కెమెరా పట్టీది?”

“ఆఁ.”

“మరింకేటి. నా పడవ మీద నీకు నమ్మకం, నీ సెయ్యి మీద నాకు నమ్మకం. సరిపోనాది.”

స్కాన్ చూశాను. గడ్డ బాగా కిందికి. గూడు అసంపూర్ణం వచ్చిన ఆ ముగ్గురికన్నా ఇరుకు.

మఖ కార్తె, ఐదో రోజు

ఈ పుస్తకంలో ఒక తప్పు దిద్దుతున్నాను. ఆరుద్ర ఆరో రోజున ‘కెమెరా: మామూలు’ అని రాశాను. అది అబద్ధం. తలుపు ఎవరూ తియ్యలేదు. నా ఎడమ చెయ్యి వణికింది. తెర మీద బొమ్మ అంతా అదిరింది. అప్పటి నుంచి వారానికి రెండు మూడుసార్లు వణుకుతోంది.

పొద్దున నీలవేణి గారు చేతులు కడుక్కుంటుంటే వెళ్లి చెప్పాను.

“మేడమ్, నా ఎడమ చెయ్యి వణుకుతోంది. ఆరుద్ర నుంచి.”

ఆవిడ చేతులు కడుక్కోవడం ఆపలేదు. “తెలుసు.”

నాకు అర్థం కాలేదు. “ఎప్పటి నుంచి?”

“అసిరినాయుడి రోజు నుంచి. తెర చూసేది నేనే కదా ఇందూ. కనపడదా?”

“మరి ఎందుకు అడగలేదు?”

“అడిగితే నువ్వు చెప్తావు. చెప్తే నిన్ను కెమెరా దగ్గర్నుంచి తీసెయ్యాలి. నువ్వు లేకపోతే నేనెవరితో చెయ్యను? ఈ మెట్టల్లో ఇంకెవరికొచ్చు ఈ పని?” నీళ్లు కట్టేశారు. తడి చేతులు అలాగే పైకెత్తి పట్టుకుని నిలబడ్డారు. “తగ్గుతుందేమో అనుకున్నాను. లేదు, అదీ నిజం కాదు. అనుకోవడానికి బావుందని అనుకున్నాను.”

“ఎల్లుండి సరంగు మావది.”

“వాయిదా వేస్తాను.”

ఇద్దరం కలిసి షరీఫ్ గారి గదికి వెళ్లాం. ఆయన అంతా విన్నారు. కోప్పడతారనుకున్నాను. కోప్పడలేదు గానీ మొహం పాలిపోయింది.

“ఇది బయటపెడితే ఏమవుతుందో తెలుసా అక్కా? తప్పంతా చెయ్యి వణుకుదే, కర్రల్లో లోపం లేదంటారు. సాలీడుని విప్పేస్తారు.”

“బయటపెట్టకపోతే?” అన్నాను.

“కర్రలు మానేయమంటారు. వాటిని నేర్చుకునేవాళ్లుండరు. సాలీడు పాడైన రోజున రోగిని పడుకోబెట్టి చూస్తూ ఉండాలి.”

నీలవేణి గారు కుర్చీ లాక్కుని ఆయన పక్కన కూర్చున్నారు. “ముందు ఆ రికార్డింగులు పెట్టు. ఏది ఎవరి తప్పో మనకు తెలియాలి కదా.”

మఖ కార్తె, ఎనిమిదో రోజు

మూడు మధ్యాహ్నాలు కూర్చుని మూడు ఆపరేషన్ల రికార్డింగులూ నిమిషం నిమిషం చూశాం. నా చేతి పని నేను తెర మీద చూడటం, అదీ ఆపి ఆపి, వెనక్కి తిప్పి తిప్పి చూడటం కష్టంగా ఉంది. తేలింది ఇది.

అరవై తొమ్మిదో రోగి, వడ్రంగి: కెమెరా రాయిలా ఉంది. చిరుగు పడింది కర్రలు ఇరుకులో తిరగలేక. అక్కడ ఎవరు పట్టుకున్నా అంతే.

డెబ్బై ఒకటి: వణుకూ ఉంది, ఇరుకూ ఉంది. దేని వల్లో చెప్పలేం.

అరవై ఆరు, అసిరినాయుడు: పొర శుభ్రంగా కనిపిస్తోంది. కత్తెర సరైన చోటే ఉంది. బొమ్మ అదిరింది, ఆ క్షణంలో కత్తెర కొవ్వులోకి దిగింది. ఇది నా చెయ్యే.

షరీఫ్ గారు తెర ఆపేశారు. తర్వాత నీలవేణి గారు అన్నారు, “వడ్రంగి విషయంలో నువ్వన్నది నిజం షరీఫ్. అక్కడ నా కర్రలు చాలవు. ఆ రోజే ఒప్పుకోవాల్సింది.”

“మిగతావాళ్లందరికీ మీ కర్రలు చాలు మేడమ్. అది నేనూ ఒప్పుకోవాలి. ఆ పంతులమ్మకి నేను చేసినా ఇంతకన్నా బాగా చెయ్యలేను. పైగా ఊరంతటికీ నీళ్లు ఆపేవాణ్ణి.”

సాయంత్రం అందరం ఒకే బల్ల దగ్గర టీ తాగాం. నేను కుడిచేత్తో.

మఖ కార్తె, పదో రోజు

లచ్చుమయ్య మావతో మాట్లాడటానికి రేవుకు వెళ్లాను. డాక్టర్లు చెబుతామన్నారు. ముందు నేను చెప్పాలన్నాను. ఆయన పడవ అంచు మీద కూర్చుని తాడు పేనుతున్నాడు.

అన్నీ చెప్పాను. చెయ్యి సంగతి, ముగ్గురి సంగతి, ఆయన గూడు ఇరుకు సంగతి. చీటీ ఏదొచ్చినా, వద్దని లెక్కలోంచి తప్పుకునే హక్కు రోగికి ఉందని కూడా చెప్పాను.

ఆయన తాడు పేనడం ఆపి నా చెయ్యి చూశాడు. ఆ వేళ అది కుదురుగానే ఉంది.

“అసిరినాయుడికి తెల్సా?”

“ఇంకా లేదు.”

“ఊఁ.” మళ్లీ తాడు అందుకున్నాడు. “నా సంగతి సెప్పు. నేను నీకు సొంత మావనైతే ఏటి సేయిస్తావు?”

“సాలీడు చేత చేయిస్తాను.”

“నా ఒక్కడి ముడ్డి కోసం ఏడు మెట్టలూ నీళ్లు మానుకోవాలా?”

“ఒక్క పూట మావా.”

“పిల్లలుంటారు, బాలింతలుంటారు. రేపు పడవెక్కి ఒక్కొక్కులూ నా మొహం మీదే అంటారు, నీ వొల్లేరా నాకు గంజి నేకపోనాదని.” నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. “సంచీ పెడతారంట గదా పొట్టకి?”

“మూడు నెలలు. పేగు కుట్టు మానేదాకా. తర్వాత తీసేస్తారు.”

“తీసీయడం ఖాయమేనా?”

“ఖాయమని చెప్పలేను. ఎక్కువమందికి తీసేస్తాం. తొడుగు శుభ్రంగా వస్తే మళ్లీ కాన్సర్ వచ్చే భయం తగ్గుతుంది. నీ గూడులో అది శుభ్రంగా రావాలంటే సాలీడే నయం. నాకు తెలిసింది ఇంతే.”

ఆయన చాలాసేపు నీళ్లకేసి చూశాడు. భయపడుతున్నాడని నాకు అప్పుడే అర్థమైంది. పాతికేళ్లలో తుఫానుల్లో కూడా ఆయన మొహం అలా చూడలేదు.

“సాలీడే సేయించు తల్లీ,” అన్నాడు చివరికి. “నాకింకా బతకాలనుంది. అడగడానికి సిగ్గేసింది గాని.”

ఆసుపత్రికి వచ్చి చెబితే షరీఫ్ గారు రోగుల పట్టీ తీసి చూశారు. “సాలీడుతో చేసినా లెక్కలో ఆయన కర్రల కిందే ఉంటారు. చీటీ ఏది వస్తే ఆ వరసే.”

“అదేం న్యాయం?” అన్నారు నీలవేణి గారు.

“నియమం మేడమ్. కష్టమైన వాళ్లని మధ్యలో అటు తోసేస్తే లెక్కకి అర్థమే ఉండదు. ఈ మాట నాకు నేర్పింది మీరే.”

పుబ్బ కార్తె, ఐదో రోజు

డెబ్బై మూడో రోగి, పొట్నూరు లచ్చుమయ్య. చీటీ: లాపరోస్కోపీ. చేసింది: రోబో, రోగి కోరిక మీద.

ఏడున్నరకు మొదలు. షరీఫ్ గారు మూలన పెట్టెలో. రోగి పక్కన రక్తం పీల్చే గొట్టంతో నేను కాదు, నీలవేణి గారు నిలబడ్డారు. తన దగ్గర నేర్చుకున్నవాడికి తను సాయం నిలబడటం ఆవిడకి ఇదే మొదటిసారి. నన్ను గోడ పక్కన కూర్చోబెట్టి గడియారం చూసి రాయమన్నారు.

పదకొండింటికి సన్న జల్లు పట్టింది. ఎండ లేదు కనక బ్యాటరీలు నిండవు. సాయంత్రం నాలుక్కి రావాల్సిన నీళ్లు ఆరు దాటితే గాని రావని కబురు పంపారు.

పన్నెండింటికి గూడు అడుగుకు చేరారు. అక్కడ రేడియేషన్ వల్ల పొరలు ఒకదానికొకటి అంటుకుపోయాయి. షరీఫ్ గారు ఆగారు. పెట్టెలోంచి మొహం తియ్యకుండానే అడిగారు.

“మేడమ్, నాకు పొర దొరకట్లేదు. ఎడమవైపా?”

నీలవేణి గారు తెర దగ్గరికి వంగారు. “ఎడమవైపు కాదు. ఇంకాస్త ముందుకి. ఆ తెల్ల గీత చూడు, అదే. దాని మీదే నడువు. తొందరపడకు.”

“ఇదా?”

“అదే.”

ఆ తర్వాత గంటంబావు ఇద్దరూ అలాగే మాట్లాడుకుంటూ వెళ్లారు. నేను కెమెరా పట్టిన ఇరవై రెండేళ్లలో ఆ థియేటర్లో అన్ని మాటలు వినలేదు. సాలీడు మణికట్టు వంగి, మా కర్రలు ఏనాడూ వెళ్లని చోటికి వెళ్లడం తెర మీద చూశాను. బాధేమీ కలగలేదు. చూడముచ్చటగా ఉంది.

రెండుంపావుకు ముక్క బయటికొచ్చింది. అప్పటికి ఆరు గంటల నలభై ఐదు నిమిషాలు. పేగు కలిపి కుట్టారు. పొట్టకు సంచీ పెట్టారు.

నాలుగున్నరకు బయటికొస్తే ఆవరణలో బిందెలతో ముప్పై నలభై మంది ఉన్నారు. ఒకడు గట్టిగా అరుస్తున్నాడు. “సరంగయితే నాకేటి? నా గేదె పొద్దుట్నుంచి నీళ్లు తాగనేదు!” పక్కనున్న ముసలామె అతన్ని కసిరింది గాని, అతను అన్నదాంట్లో అబద్ధం లేదు. ఆపరేషన్ గదికని దాచిన నీళ్లలో మిగిలిన రెండు బిందెలు అతనికి ఇప్పించాను. తిట్టుకుంటూనే తీసుకెళ్లాడు.

పుబ్బ కార్తె, తొమ్మిదో రోజు

పరీక్షగది కాగితం వచ్చింది. సంపూర్ణం. అంచుల్లో కాన్సర్ లేదు.

మావకి చెబితే, “అయితే సంచీ ఎప్పుడు తీస్తారు?” అన్నాడు. అంతే.

నరాల డాక్టర్ నా చెయ్యి చూశారు. ఇది వంశంలో వచ్చే వణుకట. ప్రాణానికి ఏమీ కాదు. మందుతో కొంత తగ్గుతుంది గాని కెమెరాకు పనికిరాదు.

ఉత్తర కార్తె, పదకొండో రోజు

డెబ్బై ఐదు మందీ పూర్తయ్యారు. చివరి ఇద్దరికీ సాలీడు చీటీలే వచ్చాయి కనక కెమెరా పట్టాల్సిన పని పడలేదు. ఈ రోజు కొండసభ.

సభ పెద్ద తవిటమ్మ గారు కాగితాలు పక్కన పెట్టేశారు. “ఇయ్యన్నీ సదివినాను. నాకు ఒక్క మాట సెప్పండి. ఏది మంచిది?”

“ఒక్క మాటలో లేదమ్మా,” అన్నారు నీలవేణి గారు.

“పోనీ రెండు మాటల్లో సెప్పండి.”

షరీఫ్ గారు లేచారు. “మొత్తం మీద రెండూ సమానం. ఇరుకు గూడు, కింది కాన్సర్ ఉన్న మగవాళ్లకి సాలీడు మంచిదని మాకు అనిపిస్తోంది, గాని రుజువు చెయ్యడానికి మాకున్న రోగులు చాలరు.”

“అనిపించడానికీ రుజువుకీ తేడా ఉంది కద బాబూ. కర్రల కింద మూడు సెడ్డవి కనపడతన్నాయి, సాలీడు కింద ఒక్కటే. అది రుజువు కాదా?”

అప్పుడు నేను లేచాను. ఆ మూడింటిలో ఒకటి నా చేతి వల్ల అయిందని, ఒకటి అవునో కాదో చెప్పలేమని, ఒకటి మాత్రం కర్రల వల్లేనని చెప్పాను. ఈ పుస్తకంలో అబద్ధం రాశానని చెప్పాను. మఖ ఐదో రోజు పేజీ తీసి చదివాను. నీలవేణి గారు లేచి, తనకు తెలిసీ ఊరుకున్నానని చెప్పారు.

సభలో గోల లేచింది. వెనకనుంచి ఎవరో, “ఈళ్లనేనా మనం నమ్మింది?” అన్నారు. తవిటమ్మ గారు చెయ్యెత్తితే ఆగింది.

తీర్పుకు గంట పట్టింది. సాలీడును ఉంచాలి, ఇరుకు కేసులకు మాత్రమే, నెలకు రెండు రోజులకు మించకూడదు. మిగతావాళ్లకు కర్రలు. కెమెరా పని ఇద్దరికి కొత్తగా నేర్పాలి. నన్ను థియేటర్ నుంచి తీసెయ్యాలి. నీలవేణి గారు ఆరు నెలలు షరీఫ్ గారి పర్యవేక్షణలో చెయ్యాలి.

“ఇంకోటి,” అన్నారు తవిటమ్మ గారు. “ఆ ముగ్గురికీ ఈ సంగతి తెల్సా?”

తెలియదన్నాం. తొడుగు చిరిగిందనీ, మూడు నెలలకోసారి పరీక్షకు రావాలనీ మాత్రం వాళ్లకు చెప్పాం. ఎందుకు చిరిగిందో చెప్పలేదు.

“ఎవులు సెప్తారు?”

“నేను వెళ్తాను,” అన్నాను.

హస్త కార్తె, మూడో రోజు

అసిరినాయుడి ఇల్లు ఎర్రమెట్ట దిగువన, ఉప్పు మళ్ల గట్టు మీద ఉంది. మళ్లలో వాన నీళ్లు నిలిచాయి కనక పని లేదు. అతను, భార్య ఆదెమ్మ అరుగు మీద కూర్చుని చేప ముళ్లు తీసుకుంటున్నారు. పొట్టకు సంచీ ఇంకా ఉంది. పైన తుండు కప్పుకున్నాడు.

నిలబడే చెప్పాను. కూర్చుంటే చెప్పలేనేమో అనిపించింది. చెయ్యి వణికిందని, కత్తెర దిగిందని, ఆ రోజు మామూలేనని రాశానని, తర్వాత కూడా రెండు నెలలు ఎవరికీ చెప్పలేదని.

ఆదెమ్మ చేప కింద పెట్టేసింది. అతను మాత్రం కదల్లేదు.

“మల్లీ వస్తాదా?”

“రావచ్చు, రాకపోవచ్చు. తొడుగు బాగుంటే ఎంత భయమో, చిరిగితే అంతకన్నా కొంచెం ఎక్కువ. మూడు నెలలకోసారి స్కాన్ చూస్తే, వచ్చినా తొందరగా పట్టుకోవచ్చు.”

“నువ్వా రోజే సెప్పుంటే?”

“నీ చిరుగు మారేది కాదు. నీ తర్వాత ఇద్దరికి మారేదేమో.”

అతను నా ఎడమచేతి వైపు చూశాడు. అది వణుకుతోంది. దాచలేదు. తిట్టడానికే నోరు తెరిచాడు, మళ్లీ మూశాడు. తలుపు వైపు తిరిగి భార్యతో అన్నాడు.

“పొద్దుట పడవకి బయల్దేరుంటాది. కూడు పెట్టు.”

“నాకొద్దు, అసిరినాయుడూ.”

“ఒద్దేటి, తిను. తిట్టీది తిన్నాక తిడతాను. కాళీ కడుపు మనిసిని తిట్టడం మా ఇంట నేదు.”

ఆదెమ్మ ఆకులో అన్నం, చేపల పులుసు పెట్టింది. తిన్నాను. చెయ్యి కడుక్కుని వచ్చి అతని ఎదురుగా అరుగు మీద కూర్చున్నాను.

అన్నమాట ప్రకారం తిట్టాడు. గంటసేపు తిట్టాడు. మధ్యలో ఒకసారి ఏడ్చాడు, మళ్లీ తిట్టాడు. నేను తల దించుకోకుండా విన్నాను. అలిసిపోయాక, స్కాన్ ఏ రోజో అడిగాడు. చిత్త కార్తె రెండో రోజని చెప్పాను.

“నువ్వుంటావా ఆడ?”

“ఉంటాను.”

“ఉండు,” అన్నాడు. “నువ్వే దగ్గరుండి సూడాల.”